విరిగిన స్పార్క్ ప్లగ్‌ను ఇంజిన్ పాడవకుండా తీయడం ఎలా?

స్పార్క్ ప్లగ్ విరిగిందంటే ఆ ప్లగ్ ఎలాగూ పోయినట్టే, దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. కాపాడుకోవాల్సినవి వేరే ఉన్నాయి: సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్‌లోని థ్రెడ్ (ప్లగ్ బిగిసే మర), ప్లగ్ వచ్చి ఆనే సీటు, సిలిండర్ లోపలి గోడలు. ఈ మూడింటిలో ఏది పాడైనా హెడ్ విప్పాల్సి రావచ్చు. అందుకే ఈ పనిలో బలం కంటే ఓపికే ఎక్కువ ఖర్చవుతుంది. ఒక పూట నూనె పోసి వదిలేస్తే వదులయ్యే ప్లగ్‌ను పది నిమిషాల్లో తీయాలని చూసి, హెడ్ దాకా తెచ్చుకోవడం ఇందులో అన్నిటికంటే మామూలుగా జరిగే నష్టం.

ముందు ఎక్కడ విరిగిందో చూడండి

ప్లగ్ నిర్మాణం తెలిస్తే సగం పని తేలికవుతుంది. బయట ఉక్కు బాడీ ఉంటుంది. దాని పై భాగంలో పానా పట్టే ఆరు పలకల నట్టు, కింద థ్రెడ్. బాడీ లోపల తెల్లటి పింగాణి, పింగాణి మధ్యలో సెంటర్ ఎలక్ట్రోడ్. బాడీ అడుగు అంచుకు వెల్డ్ చేసి, వంచి పెట్టిన కొక్కెం లాంటిది గ్రౌండ్ ఎలక్ట్రోడ్. పింగాణి బాడీ లోపల ఒక మెట్టు మీద కూర్చుంటుంది, పైనుంచి బాడీ అంచును దాని మీదికి నొక్కేసి ఉంటారు. అంటే మామూలు ప్లగ్‌లో పింగాణి ముక్కలవ్వకుండా ఉంటే కిందికి జారదు, పైకి మాత్రమే వస్తుంది. ముక్కలయితే మాత్రం చిన్న ముక్కలు కిందికి పోగలవు.

విరగడం ప్రధానంగా నాలుగు రకాలు. మొదటిది, పైనున్న పింగాణి విరిగి నట్టు బాగానే ఉండటం. ఇది అన్నిటికంటే తేలిక. రెండోది, నట్టు పలకలు అరిగి గుండ్రమై పానా జారిపోవడం. మూడోది, నట్టు, థ్రెడ్ కలిసే మెడ దగ్గర బాడీ తెగి, థ్రెడ్ భాగం హెడ్‌లోనే మిగలడం. కష్టమంతా దీనిలోనే ఉంది. నాలుగోది, ప్లగ్ బయటికి వచ్చినా కింది ఎలక్ట్రోడ్ గానీ పింగాణి ముక్కు (దాని కింది కొన) గానీ కనబడకపోవడం. చూడటానికి పని అయిపోయినట్టే ఉంటుంది కాబట్టి చాలామంది ఈ నాలుగోదాన్ని గమనించకుండానే కొత్త ప్లగ్ బిగించేస్తారు.

ప్లగ్ గుంట లోతుగా ఉండి ఏమీ కనబడకపోతే అంచనాతో పానా వేయకండి. సన్నటి టార్చ్, లేదా ఫోన్‌కు తగిలించే 5.5 మి.మీ. కెమెరా తీగ దింపి చూడండి. ఈ కెమెరా తరువాత సిలిండర్ లోపల చూడటానికి కూడా పనికొస్తుంది కాబట్టి ఒకటి చేతిలో ఉంచుకోవడం మంచిది.

సిద్ధం చేసుకోవాల్సినవి

ఆరు పలకల లోతు సాకెట్ కావాలి. పన్నెండు మూలల సాకెట్ అరిగిన నట్టు మీద జారుతుంది. కార్ల ప్లగ్‌లకు ఎక్కువగా 16 మి.మీ. సాకెట్ పడుతుంది, పాతవాటికి 21 మి.మీ., కొత్త సన్న ప్లగ్‌లకు 14 మి.మీ. కొన్ని 14 మి.మీ. ప్లగ్‌ల నట్టే పన్నెండు మూలలతో వస్తుంది, వాటికి మాత్రం పన్నెండు మూలల సాకెట్టే వాడాలి. దీనితో పాటు రాచెట్, పొడవైన ఎక్స్‌టెన్షన్, టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), పట్టేసిన నట్లకు వాడే చొచ్చుకుపోయే నూనె, చిక్కటి గ్రీజు, పొడవు ముక్కు పటకారు, కళ్లను కాపాడే అద్దాలు, కంప్రెసర్ గాలి, వ్యాక్యూమ్ క్లీనర్, దాని మూతికి టేపుతో అతికించే 6 నుంచి 8 మి.మీ. ప్లాస్టిక్ పైపు. బాడీ తెగితే ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన ముక్కను లోపలినుంచి పట్టి విప్పే పనిముట్టు) కూడా అవసరమవుతుంది, దాని సంగతి తరువాత.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు లేదా రిలే కూడా ఇప్పుడే తీసి పక్కన పెట్టండి. తరువాత ఇంజిన్‌ను స్టార్టర్‌తో తిప్పాల్సి వచ్చినప్పుడు సిలిండర్లలోకి పెట్రోలు చిమ్మకూడదు. ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ ప్లగ్ మీదే కూర్చునే ఇంజిన్లలో కనెక్టర్ లాక్ నొక్కి విడదీసి, బోల్టు విప్పి, కాయిల్‌ను కొద్దిగా ఇటూ అటూ తిప్పి పట్టు వదిలాకే నిటారుగా లాగాలి. వంకరగా లాగితే రబ్బరు బూటు తెగి కింద మిగిలిపోతుంది, అప్పటికే పగిలి ఉన్న పింగాణి ఇంకా చితుకుతుంది.

తరువాత గుంట శుభ్రం. ఇసుక, తుప్పు పొడి, పింగాణి ముక్కలు అన్నీ ప్లగ్ చుట్టూ పేరుకుని ఉంటాయి. ప్లగ్ ఇంకా థ్రెడ్‌లో ఉండి దారి మూసి ఉన్నప్పుడే వీటిని తీసేయాలి. ముందు వ్యాక్యూమ్‌తో పీల్చండి, ఆ తరువాత కళ్లద్దాలు పెట్టుకుని గాలి కొట్టండి, మళ్లీ పీల్చండి. పింగాణిలో ఉండేది ఎక్కువ భాగం అల్యూమినా. మోస్ గట్టిదన కొలతలో దాని స్థానం 9, అంటే వజ్రానికి ఒక్క మెట్టు కింద. బియ్యపు గింజలో సగమంత ముక్క పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య చిక్కినా నిలువుగా గీత పడిపోతుంది. ఇంతగా చెప్పడం అందుకే.

ప్లగ్‌ను తిప్పే ముందు నూనె

ప్లగ్ చుట్టూ కొద్దిగా, రెండు మూడు చుక్కల నుంచి ఒక చిన్న చెంచాలో సగం దాకా, నూనె వేయండి. గుంట నింపేయొద్దు. ప్లగ్ వదులయ్యాక ఆ నూనె అంతా సిలిండర్‌లోకే దిగుతుంది. ద్రవం ఎక్కువైతే పిస్టన్ పైకి వచ్చేటప్పుడు దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంటుంది. వాషర్ ఉన్న ప్లగ్‌లలో నూనె వాషర్ దాటి థ్రెడ్‌లోకి అంత తేలిగ్గా పోదు. కాబట్టి నట్టు బాగుంటే సాకెట్ వేసి, విప్పే వైపు ఎనిమిదో వంతు చుట్టు మాత్రం కదిపి, అప్పుడు నూనె వేసి వదిలేయండి. కదలకపోతే అలాగే వేసి రాత్రంతా నాననివ్వండి.

వేడి విషయంలో రెండు మాటలూ వినబడతాయి, రెండిటికీ ఆధారం ఉంది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, కాబట్టి వేడెక్కిన హెడ్‌లో ప్లగ్ పట్టు కొంచెం వదులవుతుంది. కానీ బాగా వేడి మీదున్న అల్యూమినియం మెత్తబడుతుంది, అప్పుడు తిప్పితే థ్రెడ్ ప్లగ్‌కు అంటుకుని ఊడొస్తుంది. మొదట చల్లగా ఉన్నప్పుడే ప్రయత్నించండి. ససేమిరా కదలకపోతే, చేయి పెట్టి కాసేపు ఉంచగలిగేంత గోరువెచ్చగా మాత్రమే వేడి చేసి మళ్లీ చూడండి. ప్లగ్ విరగకుండా పట్టేసి మాత్రమే ఉంటే ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపితే సరిపోతుంది. విరిగి ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, వేడి గాలి గన్ వాడండి. అదీ నూనె పూర్తిగా తుడిచాకే. ఆ నూనెలు నిప్పంటుకునే గుణం ఉన్నవి. మంట దగ్గరికి తేకూడదు.

పింగాణి విరిగి నట్టు బాగుంటే

కనబడే పింగాణి ముక్కలన్నీ ఏరి, పీల్చేసి, సాకెట్ దింపండి. ప్లగ్ సాకెట్‌లో పైన రబ్బరు ఉంటుంది. పగిలిన పింగాణి మొన ఆ రబ్బరును తన్ని సాకెట్‌ను పూర్తిగా కూర్చోనివ్వకపోవచ్చు. అలాంటప్పుడు రబ్బరు తీసేసి మామూలు లోతు సాకెట్ వాడండి. సాకెట్ నట్టు మీద అడుగు వరకూ దిగిందో లేదో చేతితో తట్టి తేల్చుకోండి. పై అంచునే పట్టిన సాకెట్ పలకలను అరగదీసి, ఈ తేలిక కేసును రెండో రకంలోకి దించుతుంది.

ఎక్స్‌టెన్షన్ నిటారుగా ఉండాలి. ఒక చేయి రాచెట్ తల మీద గట్టిగా ఆనించి, రెండో చేత్తో తిప్పండి. పక్కకు వంగే జాయింట్ వాడాల్సి వస్తే వంపు వీలైనంత తక్కువగా ఉంచండి. ప్లగ్‌లు విరగడానికి ఒక ముఖ్య కారణం ఈ పక్క ఒత్తిడే.

కదిలిన వెంటనే బయటికి లాగేయాలన్న ఆత్రం వద్దు. మామూలు ప్లగ్ టక్కున వదిలి, ఆ తరువాత వేళ్లతో తిరిగేంత తేలికవుతుంది. అలా కాకుండా పావు చుట్టు తరువాత మళ్లీ బిగుసుకుంటున్నా, కీచుమని శబ్దం వస్తున్నా, థ్రెడ్ మధ్య మసి గానీ అల్యూమినియం పొడి గానీ చిక్కుకుంది. అక్కడే ఆపి, బిగించే వైపు కొంచెం వెనక్కి తిప్పి, నూనె చుక్క వేసి, పది పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ విప్పండి. ముందుకు ఎనిమిదో వంతు, వెనక్కి అందులో సగం, ఇలా. ఒక్కో ప్లగ్‌కు ఇలా గంట పట్టినా పరవాలేదు. ఇంపాక్ట్ గన్ మాత్రం ఇక్కడ పనికిరాదు. అది ఎక్కడ ఆపాలో చేతికి తెలియనివ్వదు.

నట్టు అరిగిపోతే

అరిగిన నట్టు మీద అదే సాకెట్‌ను మళ్లీ మళ్లీ తిప్పితే మిగిలిన మూలలు కూడా పోతాయి. లోపలి గోడకు ఎడమ వైపు తిరిగే పళ్లున్న సాకెట్లు దొరుకుతాయి, ఎంత తిప్పితే అంత కొరుకుతాయి. నట్టు కంటే కొంచెం చిన్న సైజు తీసుకుని, పొడవైన ఎక్స్‌టెన్షన్ మీద చిన్న సుత్తితో నాలుగైదు సార్లు తేలిగ్గా తట్టి కూర్చోబెట్టండి. కొనేముందు దాని బయటి వ్యాసం కొలవండి. ప్లగ్ గుంటలు ఇరుకుగా ఉండి చాలా సాకెట్లు సగంలోనే ఆగిపోతాయి. పెద్ద సుత్తి వాడొద్దు, కింద ఉన్నది అల్యూమినియం సీటు.

మెడ దగ్గర తెగి థ్రెడ్ లోపలే మిగిలితే

ఇక్కడికి వచ్చాక మొదటి పని కాసేపు పానా పక్కన పెట్టడం. బయటికి వచ్చిన ముక్కను తెల్ల గుడ్డ మీద పెట్టి పరీక్షించండి. పింగాణి మొత్తం, కింది ముక్కుతో సహా, నట్టుతో పాటు వచ్చేసిందా? లేక మధ్యలో విరిగి సగం కిందే ఉందా? పక్క సిలిండర్ నుంచి మంచి ప్లగ్ ఒకటి తీసి పక్కన పెట్టి చూస్తే ఎంత లోటో తెలిసిపోతుంది.

పింగాణి థ్రెడ్ భాగంలో ఇంకా నిలబడి ఉంటే ఎక్స్‌ట్రాక్టర్‌కు పట్టుకునే రంధ్రం ఉండదు. పొడవు ముక్కు పటకారుతో పట్టి, మెల్లగా ఊపుతూ పైకి లాగండి. సెంటర్ ఎలక్ట్రోడ్ కూడా దానితోనే వస్తుంది. డ్రిల్ వేయొద్దు, మామూలు డ్రిల్ బిట్టు పింగాణిని కోయదు, పగలగొడుతుంది. కిందికి నెట్టడం అసలే వద్దు.

ఇప్పుడు పిస్టన్‌ను సరైన చోటికి తేవాలి. పని చేసే సిలిండర్‌లో పిస్టన్ కంప్రెషన్ దశలో (పిస్టన్ పైకి వస్తూ గాలిని నొక్కే దశ) పై చివర ఉంటే మంచిది. రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి కాబట్టి వాటి సీట్ల మీద ముక్క పడదు, పడినది ఏదైనా పిస్టన్ తల మీద, రంధ్రానికి దగ్గరగా, పైపుతో పీల్చగలిగేంత లోతులోనే ఉంటుంది. రంధ్రం మూసుకుపోయిన సిలిండర్‌లో పిస్టన్ ఎక్కడుందో చూడలేం కదా, దానికి జోడీ సిలిండర్‌ను వాడుకోవాలి. వరుసగా నాలుగు సిలిండర్లుండే మామూలు ఇంజిన్‌లో 1, 4 పిస్టన్లు కలిసి పైకీ కిందికీ వెళతాయి. 2, 3 కూడా అంతే. ప్లగ్ 1లో విరిగిందనుకోండి. మిగతా ప్లగ్‌లన్నీ తీసి, 4లో మెత్తటి పొడవైన ప్లాస్టిక్ కడ్డీ నిటారుగా పెట్టి పట్టుకుని, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ఇంజిన్ తిరిగే దిశలో చేత్తో తిప్పండి. కడ్డీ పైకి వచ్చి ఆగిన చోటే పై చివర. అయితే అది కంప్రెషన్ దశో కాదో తేల్చుకోవాలి. 4 రంధ్రం మీద వేలు పెట్టి తిప్పుతున్నప్పుడు పిస్టన్ పైకి వస్తుంటే గాలి వేలిని బలంగా నెడితే, కంప్రెషన్‌లో ఉన్నది 4, 1 కాదు. ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. వేలికి గాలి ఒత్తిడి తగలకుండా 4 పైకి వస్తే 1లో రెండు వాల్వులూ మూసి ఉన్నట్టు.

ఎక్స్‌ట్రాక్టర్లలో మెలిక పళ్లవీ ఉన్నాయి, చదరపు కడ్డీలా సన్నబడుతూ పోయేవీ ఉన్నాయి. ఇక్కడ రెండోదే మేలు. ప్లగ్ బాడీ గోడ పలుచన. మెలిక పళ్లది తిప్పేకొద్దీ లోపలికి చొచ్చుకుపోతూ ఆ గోడను బయటికి నెడుతుంది. అంటే మీరు విప్పుతున్న బాడీనే హెడ్ థ్రెడ్‌లోకి ఇంకా బిగిస్తుంది. చదరపుది నాలుగు అంచులతో మాత్రమే కొరికి పట్టుకుంటుంది. సైజు ఎంచుకునేటప్పుడు బాడీ రంధ్రంలోకి కొంత దూరం దిగి ఆగేది తీసుకోండి. మొన మరీ కిందికి పోయి గ్రౌండ్ ఎలక్ట్రోడ్‌ను తగిలితే అది విరిగి సిలిండర్‌లో పడుతుంది. ఎంత లోతు వరకూ దించవచ్చో మంచి ప్లగ్ మీద కొలిచి, ఎక్స్‌ట్రాక్టర్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

దించే ముందు ఎక్స్‌ట్రాక్టర్‌కు చిక్కటి గ్రీజు బాగా పట్టించండి. బాడీ రంధ్రంలో కూడా ఒక ముద్ద పెట్టండి. గీసుకుపోయే ఉక్కు రజను, మిగిలిన మసి, అన్నీ ఆ గ్రీజుకే అంటుకుని పైకి వస్తాయి. చిన్న సుత్తితో మెల్లగా తట్టి కూర్చోబెట్టి, రెండు వైపులా పిడి ఉన్న ట్యాప్ హ్యాండిల్‌తో గానీ, ఎక్స్‌టెన్షన్‌తో గానీ విప్పే వైపు తిప్పండి. రెండు చేతుల బలం సమానంగా పడాలి. కడ్డీ మెలితిరిగి, వదలగానే వెనక్కి వచ్చేస్తుంటే ప్లగ్ కదలనట్టే. అక్కడ ఇంకా బలం పెడితే ఎక్స్‌ట్రాక్టర్ విరుగుతుంది. అది గట్టిపరిచిన ఉక్కు, వంగదు, పుటుక్కున తెగుతుంది. తెగిన ముక్కను డ్రిల్ కోయలేదు. ఆ తరువాత దారి మెషిన్ షాపు ఒక్కటే. కాబట్టి మళ్లీ నూనె, మళ్లీ నిరీక్షణ, తరువాత గోరువెచ్చటి వేడి. ఈ మూడూ రెండు మూడు విడతలు చేసినా కదలకపోతే ఆపేయండి.

మెడ పైకి కనబడుతూ గుంట వెడల్పుగా ఉన్న పాత ఇంజిన్లలో మిగిలిన బాడీకి నట్టు వెల్డ్ చేసి తీసే పద్ధతి ఉంది. వెల్డింగ్ వేడికి ప్లగ్ తొందరగా వదులుతుంది. దీనికి చేయి తిరిగిన వెల్డర్ కావాలి, బ్యాటరీ విడదీసి ఉండాలి, దగ్గర్లో పెట్రోలు ఆవిరి ఉండకూడదు. బాడీని లోపలినుంచి రంపం బ్లేడుతో కోసి ముడిచే పద్ధతి హెడ్ విప్పి బల్ల మీద పెట్టాకే చేయదగ్గది.

ఫోర్డ్ మూడు వాల్వుల ఇంజిన్ల సంగతి ప్రత్యేకం. 2004 నుంచి 2008 దాకా వచ్చిన 5.4 లీటర్ల వి8లలో ప్లగ్ కింది భాగం రెండు ముక్కలుగా చేసి నొక్కి అతికించినది. పొడవైన ఆ కింది గొట్టం చుట్టూ కార్బన్ పేరుకుని హెడ్‌కు పట్టేస్తుంది, విప్పితే పై భాగం ఒక్కటే చేతికి వస్తుంది. మిగిలిపోయిన గొట్టానికి థ్రెడ్ ఉండదు, కాబట్టి తిప్పి తీయడం కుదరదు. దాని లోపల థ్రెడ్ చేసి, పైకి లాగే ప్రత్యేక పరికరాలు ఉన్నాయి. లైల్ (Lisle) కంపెనీ 65600 నంబరు కిట్టు వాటిలో పేరున్నది. ఇక్కడ పింగాణిని ఆ గొట్టం లోపలే కొంత కిందికి నెట్టడం పద్ధతిలో భాగం. మామూలు ప్లగ్‌కు ఈ పద్ధతి వాడకూడదు.

సిలిండర్‌లో ఏమైనా పడిందా?

బయటికి వచ్చిన ముక్కలన్నీ గుడ్డ మీద పేర్చి, మంచి ప్లగ్‌తో పోల్చండి. గ్రౌండ్ ఎలక్ట్రోడ్ ఉందా, పింగాణి ముక్కు మొత్తం ఉందా, వాషర్ వచ్చిందా? పాత వాషర్ సీటుకు అంటుకుని గుంటలోనే ఉండిపోవడం తరచుగా జరుగుతుంది. దాని మీదే కొత్త ప్లగ్ బిగిస్తే రెండు వాషర్లు పడి ప్లగ్ పైకి లేస్తుంది.

లెక్క సరిపోకపోతే ఆ ముక్క లోపల ఉన్నట్టే అనుకోండి. అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు. పింగాణి దానికి అంటదు, అల్యూమినియం రజను అంటదు, ఎలక్ట్రోడ్‌లకు వాడే నికెల్ మిశ్రమాల్లో కొన్నిటికి అయస్కాంతం సరిగా పట్టదు. పీల్చడమే దారి. మొదట రంధ్రం తెరిచి ఉంచి సిలిండర్‌లోని పెట్రోలు ఆవిరిని పోనివ్వండి. వ్యాక్యూమ్ మోటార్‌లో నిప్పురవ్వలు ఉంటాయి, పెట్రోలు వాసన పోయేదాకా దాన్ని పెట్టొద్దు. తరువాత సన్న పైపును దించి, పిస్టన్ తల మీద అంచుల వెంబడి నెమ్మదిగా తిప్పండి. మూలల్లో నూనెకు అంటుకున్న ముక్కలు పీల్పుకు రావు. వాటికి కర్ర చివర గ్రీజు అద్ది అంటించి తీయడం బాగా పనిచేస్తుంది. కెమెరా దించి చూడండి, మళ్లీ పీల్చండి. రెండుసార్లు వరుసగా ఏమీ కనబడకపోతే అప్పుడు గాలి. పైపు రంధ్రం కంటే బాగా సన్నగా ఉండాలి, గాలి దాని పక్కనుంచి తిరిగి బయటికి రావాలి. ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి అటు ఊదేయమని కొందరు చెబుతారు. టర్బో ఉన్న ఇంజిన్‌లో ఆ పని చేస్తే పింగాణి ముక్క నేరుగా టర్బైన్ రెక్కల మీదికి పోతుంది.

ఆ తరువాత క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా అడ్డు తగిలినా, గరగరమన్నా ఆపి మళ్లీ కెమెరా దించండి. తేలిగ్గా తిరిగితే రంధ్రాల మీద గుడ్డ కప్పి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, బ్యాటరీ తీగ తాత్కాలికంగా కలిపి స్టార్టర్‌తో మూడు నాలుగు సెకన్లు తిప్పండి. కాయిల్ కనెక్టర్లు, ఫ్యూయల్ పంపు ఫ్యూజు విడదీసే ఉండాలి. దిగిన నూనె ఇప్పుడు గుడ్డ మీదికి వస్తుంది. అయ్యాక బ్యాటరీ తీగ మళ్లీ తీసేయండి.

థ్రెడ్ పరీక్ష

కొత్త ప్లగ్‌ను పానా లేకుండా వేళ్లతోనే చివరిదాకా తిప్పగలగాలి. పై ఒకటి రెండు చుట్లలోనే పట్టేస్తుంటే థ్రెడ్ శుభ్రం చేసే ట్యాప్ వేయాలి. కార్లలో ఎక్కువగా ఉండేది ఎం14 (14 మి.మీ. వ్యాసం), 1.25 పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం, మి.మీ.లో). ఎం12, 1.25 కూడా ఉంది. ఎం10 అయితే 1.0 పిచ్. సైజు తప్పితే ఉన్న థ్రెడ్ కూడా పోతుంది, కాబట్టి పెట్టె మీద చదివి ఊరుకోకుండా ప్లగ్‌ను కొలవండి. ట్యాప్ గాడుల నిండా గ్రీజు నింపి, చేత్తోనే, అర చుట్టు ముందుకు పావు చుట్టు వెనక్కి తిప్పుతూ దించండి. మధ్యలో పైకి తీసి, రజను నిండిన గ్రీజు తుడిచి, కొత్త గ్రీజు పెట్టి మళ్లీ దించండి. ముడిచి లోపలికి దించి, అడుగున విప్పి, పైకి తిప్పుకుంటూ వచ్చే రకం ట్యాప్‌లు ఇంకా మంచివి. పాడుకాని కింది థ్రెడ్ నుంచి మొదలుపెట్టి వస్తాయి కాబట్టి దారి తప్పవు, రజను పైకే తెస్తాయి.

థ్రెడ్ ఊడిపోయి ఉంటే దాని చోట కొత్త థ్రెడ్ ఇచ్చే ఇన్సర్ట్ వేయాలి. తీగ చుట్ట రూపంలో ఉండే హెలికాయిల్ కంటే గట్టి గొట్టంలా ఉండే టైమ్‌సర్ట్ రకం ప్లగ్‌లకు నమ్మకమైనది. ప్లగ్‌తో పాటు తిరిగి ఊడి వచ్చే సమస్య దీనిలో తక్కువ. ఇన్సర్ట్ పొడవు ప్లగ్ థ్రెడ్ పొడవుకు సరిపోవాలి. కార్లలో బాగా కనబడే పొడవు 19 మి.మీ., కొన్నిటికి 26.5. కిందికి పొడుచుకొచ్చిన ఇన్సర్ట్ అంచు ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. దీనికి రంధ్రాన్ని పెద్దది చేయాలి, అదీ సరిగ్గా పాత కోణంలోనే. చేయి అలవాటు లేకపోతే ఈ ఒక్క పనినీ మెషిన్ షాపుకు అప్పగించండి.

కొత్త ప్లగ్ బిగించడం

పాత, కొత్త ప్లగ్‌లను పక్కపక్కన పెట్టి థ్రెడ్ పొడవు, సీటు రకం ఒకటేనా చూడండి. వాషర్‌తో చదునుగా ఆనేది ఒకటి, వాషర్ లేకుండా ఏటవాలు సీటు మీద కూర్చునేది ఇంకొకటి. గ్యాప్ (రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య దూరం) మాన్యువల్‌లో ఇచ్చినంత ఉండాలి. ఇరిడియం ప్లగ్‌ల సన్న మొన చాలా పెళుసు, సెంటర్ ఎలక్ట్రోడ్‌ను ఆనించి వంచకండి.

ఒక జానెడు రబ్బరు ఫ్యూయల్ పైపును ప్లగ్ తలకు తొడిగి, దానితో గుంటలోకి దించండి. ముందు విప్పే వైపు మెల్లగా తిప్పితే థ్రెడ్ మొదలు దొరికిన చోట చిన్నగా టిక్‌మని కిందికి దిగుతుంది. అక్కడినుంచి బిగించే వైపు. థ్రెడ్ అడ్డంగా ఎక్కితే రబ్బరు పైపు జారుతుందే తప్ప ప్లగ్‌ను బలవంతంగా దించదు. అదే దాని ఉపయోగం.

అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న ఎం14 ప్లగ్‌కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, ఎం12కు 15 నుంచి 20, ఎం10కు 10 నుంచి 12. ఏటవాలు సీటు ఎం14కు 10 నుంచి 20. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. టార్క్ పానా లేకపోతే వేళ్లతో బిగిశాక కొత్త వాషర్ ప్లగ్‌కు అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, ఏటవాలు సీటుకు పదహారో వంతు చుట్టు. ఈ రెండో అంకెను చూసి ఇంత తక్కువేమిటని ఇంకాస్త తిప్పేవాళ్లు ఎక్కువ. అలా అతిగా బిగించిన ప్లగ్‌ల మెడ తెగే ప్రమాదం ఉంది.

థ్రెడ్‌కు పట్టేయకుండా రాసే పేస్టు గురించి: ప్లగ్‌లు తయారుచేసే ఎన్‌జీకే కంపెనీ తన ప్లగ్‌లకు వద్దంటుంది. వాటి బాడీకి అప్పటికే తుప్పు ఆపే పూత ఉంటుంది. పేస్టు రాస్తే రాపిడి తగ్గి, పానా చూపే అంకె అదే అయినా మెడ మీద లాగుడు ఎక్కువవుతుంది. మీ కారు మాన్యువల్ రాయమని చెబితే తప్ప పొడిగానే బిగించండి.

కాయిల్ బూటు లోపలి అంచుకు సిలికాన్ గ్రీజు కొంచెం రాసి కూర్చోబెట్టి, కనెక్టర్లు, ఫ్యూజు, చివరగా బ్యాటరీ కలపండి. స్టార్ట్ చేశాక మొదటి నిమిషంలో కొంత తెల్ల పొగ, కాలిన నూనె వాసన రావడం మామూలే. టప్ టప్‌మని గాలి కొట్టే శబ్దం వస్తే ప్లగ్ సీటు సరిగా ఆనలేదు. టకటక లోహపు శబ్దం వస్తే వెంటనే ఇంజిన్ ఆపండి, లోపల ముక్క ఉంది. స్కానర్‌లో పీ0301, పీ0302 లాంటి కోడ్ వస్తే చివరి అంకె మిస్‌ఫైర్ అవుతున్న (ఇంధనం సరిగా మండని) సిలిండర్ నంబరు. అది మీరు పని చేసిన సిలిండరే అయితే కంప్రెషన్ కొలిచి మిగతావాటితో పోల్చండి.

పారేసే ముందు పాత ముక్కలను ఒకసారి చూడండి, ఎందుకు విరిగిందో వాటి మీదే ఉంటుంది. పై థ్రెడ్‌లో ఎర్ర తుప్పు ఉంటే గుంటలోకి నీళ్లు దిగుతున్నాయి. కాయిల్ సీలు లేదా ఇంజిన్ పై మూత చూడాలి. కింది రెండు మూడు చుట్లలోనే గట్టి మసి ఉంటే అవి సిలిండర్‌లోకి పొడుచుకుని ఉన్నాయి, అంటే ప్లగ్ పొడవు తప్పు. వాషర్ పూర్తిగా చదునై, మెడ సాగినట్టుంటే అతిగా బిగించారు. ప్లగ్ అంతా నూనెలో తడిసి ఉంటే వాల్వ్ కవర్‌లోని ప్లగ్ గొట్టం సీలు కారుతోంది. సీలు మార్చకుండా కొత్త బూటు వేస్తే నూనెకు అదీ ఉబ్బి మెత్తబడి, కాయిల్ తీసేటప్పుడు ప్లగ్‌కు అతుక్కుని తెగుతుంది.